ఒకటో తరగతి గదిలోకి రండి

బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడే పెద్దవాళ్లు పిల్ల కనపడగానే అడిగే మాట ఒకటే. "ఇవాళ ఏం రాయించారే?" వెంటనే సంచీలోంచి నోటుపుస్తకం బయటికొస్తుంది. పేజీ నిండి ఉంటే వాళ్ల మొహం విప్పారుతుంది. ఖాళీగా ఉంటే నా వైపు చూస్తారు. రాజోలు దగ్గర ఒక మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చెప్పే టీచర్ని నేను. ఆ చూపు నాకు బాగా తెలుసు. కోనసీమ మనుషులు కదా, గట్టిగా ఏమీ అనరు. "ఆయ్, మరేం లేదండి మేడమ్ గారూ, పక్క కాన్వెంట్లో అప్పుడే మాటలు రాయించేస్తున్నారంటండి" అని మెత్తగా ఓ మాట అనేసి వెళ్తారు.

ఆ మెత్తదనం కింద ఉన్న భయం చిన్నదేమీ కాదు. బిడ్డ మొదటి మెట్టు దగ్గరే వెనకబడిపోతుందేమోనని. ఆ భయం ఉన్నవాళ్లకు గేటు దగ్గర రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేను. చెప్పాల్సింది చాలా ఉంది. అందులో ముఖ్యమైంది ముందే చెబుతాను: ఒకటో తరగతి చదువులో ఎక్కువ భాగం నోటితోనూ చెవితోనూ జరుగుతుంది. అది నోటుపుస్తకంలో దొరకదు.

చేతి సంగతే తీసుకోండి. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే, అక్కడ ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకల్లో సాధారణంగా ఒక్కటీ కనపడదు. ఇంకా అదంతా మెత్తటి మృదులాస్థే. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. ఆఖరి ఎముక ఏర్పడేసరికి పిల్లకు ఎనిమిదేళ్లు దాటతాయి, ఒక్కోసారి పన్నెండు కూడా వస్తాయి. అలాంటి చేత్తో అయిదారేళ్ల పిల్ల పెన్సిల్‌ని పిడికిట్లో బిగించి, నాలుక బయటపెట్టి, కాగితం చిరిగేలా నొక్కి "అ" రాస్తుంది. ఒకటి రాస్తే ముచ్చట. రెండు పేజీలు చూచిరాత రాయిస్తే ఆ పిల్లకు నేర్పింది అక్షరం మీద విసుగే. అందుకే మా గదిలో జూన్, జులై నెలల్లో మట్టి పిసుకుతారు, చింతపిక్కలు ఏరుతారు, కొబ్బరాకు మడిచి బూరలూ వాచీలూ చేస్తారు. ఆకు మడిచే వేళ్లే కదా రేపు పెన్సిల్ పట్టేది. ఇంటికెళ్లి "ఇవాళ ఆకు బూర చేశాం" అంటే, "బడికి పంపేది అందుకా" అని మాత్రం అనకండి.

హోం వర్క్ ఇవ్వమని అడుగుతారు. ఇంటి దగ్గర అల్లరి పట్టలేకపోతున్నామని కూడా కలుపుతారు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి దాకా హోం వర్కే వద్దంది. 1, 2 తరగతుల పిల్లల సంచీ బరువు 1.6 కిలోల నుంచి 2.2 కిలోల లోపే ఉండాలంది. మా ఊరి రోడ్డు మీద పొద్దున్నే కాన్వెంటు ఆటో ఎక్కే పిల్లల వీపులు చూస్తే ఆ కాగితం ఎవరికీ చేరలేదనిపిస్తుంది.

ఇక అక్షరం. ఇంగ్లీషుకు 26. మన వర్ణమాలకు 56 అని చెప్పుకుంటాం గాని, గుణింతాలూ ఒత్తులూ కలిపితే పిల్ల కన్ను గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపిని పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాలన్నీ పట్టుబడటానికి ఒకటి రెండేళ్లు చాలవనీ, నాలుగో తరగతి దాకా ఆ నేర్పు సాగుతూనే ఉంటుందనీ అందులో తేలింది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా, అర్థం చేసుకుంటూ చదవగలగడానికి మూడో తరగతి పూర్తయ్యేదాకా సమయమిచ్చింది. కాబట్టి సంక్రాంతికి వచ్చిన మేనత్త దినపత్రిక చేతికిచ్చి "ఏదీ, చదువు చూద్దాం" అన్నప్పుడు పిల్ల నీళ్లు నమిలితే కంగారుపడకండి. నలుగురిలో ఆ పరీక్ష పెట్టనివ్వకండి కూడా.

మరి గదిలో ఏం జరుగుతోందని అడుగుతారు. ఒక పొద్దుటి సంగతి చెబుతాను. హాజరు అవగానే పిల్లలు చుట్టూ కూర్చుని తమ తమ వార్తలు చెబుతారు. ఆ రోజు ఒక పిల్లాడు లేచి, "మా తాత తోటలో కాయలు దింపించాడండి" అన్నాడు. దింపు ఎలా జరిగిందో, కాయలు రాశి పోసినప్పుడు కుక్క ఎలా పారిపోయిందో చేతులు తిప్పుతూ చెప్పాడు. వాడన్న మొదటి వాక్యాన్ని వాడన్నట్టే బోర్డు మీద రాశాను. గదిలో సగం మందికి ఇంకా అక్షరాలు రావు. అయినా అందరూ "చదివారు", ఎందుకంటే అక్కడ ఏముందో వాళ్లకు తెలుసు. అప్పుడు ముందు వరసలోని పిల్ల బోర్డు దగ్గరికొచ్చి, తన పేరులో ఉన్న "త" ఇక్కడా ఉందని వేలు పెట్టింది. "తాత"లో రెండున్నాయంది. ఇంకొకడు కాదన్నాడు. మొదటిదానికి పక్కన తోక ఉంది, రెండోదానికి లేదు, రెండూ ఒకటెలా అవుతాయన్నాడు. మూడో పిల్ల "తోట" దగ్గర నిలబడి, దీని నెత్తిన ఇంకేదో ఉందని చూపించింది. తలకట్టు, దీర్ఘం, ఓత్వం ఈ మూడింటి మీదా ఆ పిల్లలు పావుగంట వాదించుకున్నారు. ఆ పేర్లు వాళ్లకు తెలియవు. ఆ రోజు నోటుపుస్తకంలో ఒక్క గీత లేదు. నా దృష్టిలో ఆ నెలంతటికీ అదే మంచి పాఠం.

ఆ పాఠానికి మూలం ఆ పిల్లాడి దగ్గర చెప్పడానికి ఒక కబురు ఉండటం, దాన్ని చెప్పే ధైర్యం ఉండటం. ఆ రెండూ ఇంటి నుంచి వచ్చినవే. ఇంట్లో వాడి మాట ఎవరో వింటున్నారు. వినేవాళ్లున్న పిల్లలు బడిలో తొందరగా చదువుతారు. దీనికి పుస్తకాల్లో ఉదాహరణలు వెతకనక్కర్లేదు గాని, ఒకటి చెప్పకుండా ఉండలేను. తెలుగులో "రైలుబడి"గా వచ్చిన జపాన్ పుస్తకం చాలామంది చదివే ఉంటారు. 1981లో అచ్చయిన ఆ పుస్తకంలో టెట్సుకో కురొయనాగి తన ఒకటో తరగతి గురించే రాసుకుంది. అల్లరి భరించలేమని మొదటి బడి వాళ్లు పంపించేసిన పిల్లని, కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు మాట్లాడనిచ్చాడు. ఒక్కసారీ ఆవులించలేదు, విసుక్కోలేదు. అన్ని గంటలు నాకూ కుదరవు, మీకూ కుదరవు. పది నిమిషాలు కుదురుతాయి.

మా వైపు ఇక్కడే ఒక చిక్కు ఉంది. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం, ముమ్మిడివరం, ఎటు చూసినా ఇళ్లలో తల్లులు కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పనికి వెళ్లి ఉంటారు. పిల్ల అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో పెరుగుతుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. యజమాని ఇంటి పని తెమిలి తల్లి చేతికి ఫోను వచ్చేసరికి అక్కడ రాత్రి పది, ఇక్కడ పన్నెండున్నర. పిల్ల నిద్రలో ఉంటుంది. అందుకని పొద్దున్న బడికి బయల్దేరే ముందు మాట్లాడతారు. ఇక్కడ ఎనిమిదంటే అక్కడ అయిదున్నర. జడ వేయించుకుంటూ, ఒక కాలికి బూటు తొడుక్కుంటూ ఉన్న పిల్లని తల్లి ఫోన్లో అడుగుతుంది. "బాగా చదువుతున్నావా? హోం వర్క్ చేశావా? మేడమ్ గుడ్ అన్నారా?" పిల్ల ఊ అంటుంది. ఉన్న అయిదు నిమిషాలూ అలా అయిపోతాయి. అంత దూరంలో ఉన్న తల్లికి ఇంకేం అడగాలో తోచకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ డబ్బు పంపేదీ ఈ చదువు కోసమే.

అలాంటి ఒక తల్లికి ఒకసారి వాయిస్ మెసేజ్ పెట్టాను. మీరు చిన్నప్పుడు విన్న కథ ఏదైనా రాత్రి పూట పడుకోబోయే ముందు రికార్డు చేసి పంపండి, సాయంత్రం మామ్మగారు ఫోన్లో వినిపిస్తారు అని. మొదట సిగ్గుపడింది. తరువాత నక్క కథ ఒకటి పంపింది, మధ్యలో దగ్గు, వెనకాల ఎవరివో అరబ్బీ మాటలు. ఆ పిల్ల దాన్ని ఎన్నిసార్లు విందో గాని, బడికొచ్చి తల్లి గొంతుతో సహా మాకు చెప్పింది. దగ్గు కూడా దగ్గింది. అంతకు ముందు గదిలో నోరు విప్పని పిల్ల.

అమ్మమ్మలతో ఇంకో మాట. "నాకు చదువు రాదు కదా మేడమ్ గారూ, నేనేం చెప్పగలనండీ, ట్యూషన్లో పడేస్తాను" అంటారు. మామ్మగారూ, వామనగుంటలు ఆడతారా మీరు? ఒక్కో గుంటలో చింతపిక్కలు పోసి పంచుతూ వెళ్లడం కూడికా తీసివేతా కాక మరేమిటి? పొడుపుకథ విప్పడమంటే ఒక మాటకున్న రెండు అర్థాలు పట్టుకోవడమే. చెమ్మచెక్క ఆడుతూ పదం పదానికి చప్పట్లు కొడితే మాట ముక్కలుగా వినపడుతుంది. "కొబ్బరి" అన్న మాటలో మూడు చప్పట్లున్నాయని తెలిసిన చెవే రేపు ఆ మూడు అక్షరాలనూ విడదీసి రాస్తుంది. ట్యూషన్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా బల్లకు అతుక్కుని కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయించే గంటల కంటే, మీ వీధి అరుగు మీద గడిచే గంట ఆ వయసుకు ఎక్కువ చదువు. మొహమాటానికి అంటున్న మాట కాదిది. ఏ ఇంటి పిల్లలు కథలు విని వస్తారో, ఏ ఇంటి పిల్లలు ఫోన్లో రీల్స్ చూసి వస్తారో మొదటి వారంలోనే తెలిసిపోతుంది నాకు.

భాష గురించి అడగని వాళ్లు ఉండరు. 2020 నుంచి మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, దాని ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషు. ఇంటి దగ్గర ఇంగ్లీషు పేజీ మీదే వేలు పెట్టి చదివిస్తారు. తెలుగు ఎలాగూ వస్తుందిలే అనుకుంటారు. రెండూ రావాలి, నాకు సందేహం లేదు. అయితే మొదట తెలుగు పేజీ మీద కబుర్లు చెప్పుకోండి. బొమ్మలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, నువ్వైతే ఏం చేసేదానివి. సంగతి మనసుకెక్కాక ఎదురు పేజీలోని కొత్త మాటకు నిలబడటానికి చోటు దొరుకుతుంది. పిల్ల "సెట్టు" అందని నవ్వకండి. చెట్టు అని రాయడం మేం నేర్పుకుంటాం. నవ్వుకు జడిసి పిల్ల మాట మానేస్తే మేం ఏం చేయలేం.

వయసు సంగతి కూడా ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర అయిదు నిండితే ఒకటిలో వేస్తారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరేళ్లంటుంది. ఫిన్లాండులో ఏడో ఏట గాని మొదలుపెట్టరు. మా గదిలో మే నెలలో అయిదు నిండిన పిల్ల, ఆరుకు దగ్గరపడ్డ పిల్లాడు పక్కపక్కనే కూర్చుంటారు. ఆ వయసులో ఏడాది తేడా అంటే, బతుకులో అయిదో వంతు తేడా. "ఆ పిల్లాడు అన్నీ రాసేస్తున్నాడు, మా దానికేం రోగం" అని పోల్చే ముందు పుట్టినరోజులు చూసుకోండి. ఇంకో సంగతి, చాలా చిన్న బడుల్లో, మా బడిలో కూడా, ఒకటీ రెండూ ఒకే గది, ఒకే టీచరు. నేను రెండో తరగతి వైపు తిరిగినప్పుడు ఒకటో తరగతి వాళ్లు తమలో తాము ఏదో చేసుకుంటూ ఉంటారు. కిటికీలోంచి చూసేవాళ్లకు అది గోలలా ఉంటుంది.

వరద గురించి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, దానికీ ఒకటో తరగతికీ ఉన్న సంబంధం మాత్రం చెప్పాలి. బడి జూన్‌లో తెరుస్తారు. మొదటి రెండు వారాలు ఏడుపులు. గేటు పట్టుకుని వేలాడతారు. జులై వచ్చేసరికి కుదురుకుంటారు. సరిగ్గా అప్పుడే గోదావరి పోటెత్తుతుంది. ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి చోట్ల నదీపాయలో వేసుకున్న తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది, కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, రాకపోకలకు పడవే గతి. 2022 జులై వరదకు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎన్ని బడులు పునరావాస కేంద్రాలయ్యాయో మనకు గుర్తే. నీళ్లు తీశాక పెద్ద తరగతుల పిల్లలు ఆపిన పేజీ దగ్గర మొదలుపెడతారు. ఒకటో తరగతి పిల్లలకు మళ్లీ మొదటి రోజే. మళ్లీ ఏడుస్తారు, నేర్చిన అక్షరాలు మర్చిపోయి వస్తారు. అది సహజం. బెదిరించకండి, "బడికి వెళ్లకపోతే టీచరు కొడుతుంది" అని అసలు అనకండి. వరద రోజుల్లో పిల్ల చూసింది చాలా ఉంటుంది. గొడ్లను గట్టు మీదికి తోలడం, పడవలో గ్యాస్ బండ రావడం, రాత్రి దీపాల్లేకపోవడం. అవన్నీ చెప్పనివ్వండి. బడికొచ్చాక మేం ముందు బొమ్మలు వేయించేది కూడా వాటి గురించే.

కొట్టడం మాట వచ్చింది కాబట్టి. "రెండు తగిలించండి మేడమ్ గారూ, మేమేం అనుకోం" అని మనస్ఫూర్తిగా చెప్పే తండ్రులున్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. చట్టం లేకపోయినా నా మాట ఇదే. దెబ్బకు భయపడ్డ పిల్ల తప్పు చెప్పడానికి భయపడుతుంది. తప్పు చెప్పని పిల్లకు ఎక్కడ తెలియలేదో నాకు తెలియదు. అదే చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీ అంటే సంతకం పెట్టి టీ తాగి వెళ్లేది కాదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టినప్పుడు మా గదిలోకి అంతమంది రావడం చూసి నాకు ఎంతో సంతోషమేసింది. బూట్ల సైజు, తల్లికి వందనం పథకం డబ్బులు, ఇవి కూడా అడగాల్సినవే. వాటితో పాటు "మా పిల్ల ఎవరితో ఆడుతుందండీ" అని అడిగిన తల్లి ఒకరు ఉన్నారు. అలాంటి ప్రశ్నలు ఇంకా కావాలి.

అన్నం సంగతి. మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఇల్లాలు, 1909లో కాలం చేశారు. గోదావరి దాటి వచ్చే బాటసారికి వేళాపాళా చూడకుండా, ఎవరు ఏమిటని ఆరా తీయకుండా విస్తరి వేసిన మనిషి. ఒకటో తరగతి పిల్ల బడిలో సగమే తింటుంది, నెమ్మదిగా తింటుంది, గుడ్డు పెంకు తీయడం రాక పక్కన పెట్టేస్తుంది. గుడ్డు ఒలవడం ఇంట్లో నేర్పండి. బంతిలో పక్కన ఎవరింటి పిల్ల కూర్చుందని మాత్రం ఇంటికెళ్లాక అడగకండి. ఆ ప్రశ్న వేసేదాకా పిల్లలకు అలాంటి తేడా ఒకటుందని తెలియదు. అది తెలియని ఒక్క చోటైనా కోనసీమలో మిగలాలని నా కోరిక.

మీరు నాకు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. రిజిస్టరులో ఉన్న పేరు చాలామంది పిల్లలకు తెలియదు. ఇంట్లో బుజ్జి, చిన్ని, నాని. నేను హాజరు పిలుస్తుంటే ఆ పేరు ఎవరిదో అన్నట్టు చూస్తారు. ఇంట్లో ఏమని పిలుస్తారో చెప్పండి. ఎడమ చేత్తో రాస్తుంటే మార్చవద్దు, నాకు చెబితే పక్క పిల్లకు మోచెయ్యి తగలకుండా కూర్చోబెడతాను. టీవీకి మరీ దగ్గరగా వెళ్లి చూస్తుంటే, పిలిస్తే ఒక పక్క నుంచే పలుకుతుంటే డాక్టరుకు చూపించి చెప్పండి. బోర్డు కనపడని పిల్లని మొద్దు అనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా పోతే, తల్లి కొత్తగా విమానం ఎక్కితే, ఆ రోజే ఒక ఫోను చేయండి. ఆ వారం ఆ పిల్లని నేను చూసే పద్ధతి వేరుగా ఉంటుంది.

శనివారం భోజనాలయ్యాక మా గదిలో ఒక గంట కథలకే. చదువొచ్చినా రాకపోయినా, మామ్మలైనా తాతయ్యలైనా వచ్చి చెప్పవచ్చు. ముందురోజు ఓ మాట చెబితే చాలు. పోయిన వారం వచ్చిన మామ్మగారు రాక్షసుడు బావిలో దిగిన చోట కథ ఆపి, బస్సు వేళయిందని లేచి వెళ్లిపోయారు. సోమవారం నుంచి పిల్లలు ఆ రాక్షసుడు ఏమయ్యాడని నన్ను పీక్కుతింటున్నారు. నాకు ఆ కథ రాదు. మామ్మగారు మళ్లీ రావాలి.